నొక్కితే పట్టే కొక్కెం

(సంఘం వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



పది రోజుల కిందట కార్యదర్శిగారు మా ఇంటికి వచ్చి, "ఈసారి మీరూ నాలుగు మాటలు చెప్పాలండీ" అన్నారు. డి.ఏ. బకాయిల గురించి చెప్పగలవాళ్లు మనలో చాలామంది ఉన్నారు. గీత గురించి, షుగరు గురించి చెప్పేవాళ్లకూ కొదవ లేదు. నాకు తెలిసింది ఒక్కటే పని. 1979 నుంచి 2011 వరకు, ముప్పై రెండేళ్లు, హైదరాబాదులో ఒక కర్మాగారం టూల్ రూములో ప్లాస్టిక్ వస్తువులకు నమూనాలు, అచ్చులు గీశాను. అందులో సగం కాలం ఇదిగో, ఇంత చిన్న దాని వెనకే తిరిగాను. ఇది టీవీ రిమోటు వెనక మూత. దీని చివర చిన్న నాలుకలాంటిది కనిపిస్తోంది కదా? నొక్కితే "టిక్" మని పట్టుకుంటుంది. దీన్ని మేము "స్నాప్ ఫిట్" అనేవాళ్లం. ఈ పూటకు "నొక్కుడు కొక్కెం" అనుకుందాం.

"ఇంత చిన్నదాని మీద ఉపన్యాసమా?" అని మీరు అనుకోవచ్చు. ఈ కొక్కెం మూలంగా కొందరు ఆడపిల్లల కూలి కోత పడింది. ఈ కొక్కెం మూలంగానే మనలో ఒకరింట్లో రోజూ వేసుకోవాల్సిన మాత్ర మానేశారు. ఆ రెండు సంగతులూ చెప్పడానికే నిలబడ్డాను.

మన అడవిలో ఉన్నదే

ముందు ఈ కొక్కెం ఎలా పనిచేస్తుందో చెప్పాలి. దానికి మనం ఎక్కడికో వెళ్లనక్కర్లేదు. వర్షాకాలంలో మన అడవి అంచు ఊళ్లలో వాగుకు అడ్డంగా పెట్టే వెదురు చేపల బుట్టను మీరంతా చూసే ఉంటారు. దాని నోటి దగ్గర సన్నటి వెదురు పుల్లలు లోపలివైపు వాలి, కొనలు దగ్గరదగ్గరగా ఉంటాయి. చేప బయటి నుంచి తోసుకొస్తే పుల్లలు వంగి దారి ఇస్తాయి. చేప లోపలికి పోగానే అవి మళ్లీ తమ చోటికి వచ్చేస్తాయి. వెనక్కు తిరిగిన చేపకు పుల్లల కొనలు ఎదురవుతాయి. పోయేటప్పుడు సులువు, వచ్చేటప్పుడు కష్టం.

మన రిమోటు మూతలోనూ ఉన్నది అంతే. ఒక నాలుక, దాని కొనన ఒక ముక్కు. ముక్కు ముందువైపు ఏటవాలుగా ఉంటుంది, అందుకే నెట్టినప్పుడు నాలుక వంగుతుంది. గాడి రాగానే నాలుక తిరిగి నిటారవుతుంది. మనకు వినిపించే "టిక్" అదే. ముక్కు వెనకవైపు నిటారుగా ఉంటుంది కాబట్టి ఊడిరాదు.

ఇందులో మరో జాతి గుండ్రంగా ఉంటుంది. పెన్ను మూత, డబ్బా మూత ఆ జాతివే. రవికెలకు కుట్టుకునే టిచ్ బటన్లు కూడా అంతే. ఆ బటన్లకు 1885లోనే జర్మనీలో హెరిబెర్ట్ బావర్ అనే ఆయన పేటెంటు తీసుకున్నారు. అంటే ఈ సూత్రానికి ప్లాస్టిక్కే కావాలని లేదు. వంగే గుణం, తిరిగి తన చోటికి వచ్చే గుణం ఉన్న పదార్థం ఏదైనా చాలు.

మన చిన్నప్పుడు ప్రతిదానికీ మరమేకులే ఎందుకు ఉండేవి? అప్పటి స్విచ్చులు, హోల్డర్లు, రేడియో పెట్టెలు ఎక్కువగా బేకలైటువి. లియో బేక్‌లాండ్ 1907లో కనిపెట్టిన ఆ పదార్థం వేడికి ఓర్చుకుంటుంది గానీ వంగదు. వంచితే పెంకులా పగులుతుంది. 1935లో నైలాన్, 1953లో పాలీకార్బొనేట్, 1954లో ఇటలీలో నట్టా చేతిలో గట్టి పాలీప్రొపిలీన్ వచ్చాయి. ఇవి వంగి లేస్తాయి. అవి చవకై మన ఇళ్లకు చేరేకొద్దీ మరమేకుల చోటికి కొక్కేలు వచ్చాయి.

మన దేశంలో ఈ విద్యకు 1968 మంచి సంవత్సరం. ఆ ఏడు మద్రాసులో ప్లాస్టిక్ ఇంజనీరింగు సంస్థ సిపెట్, మన బాలానగర్‌లో సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టూల్ డిజైన్ మొదలయ్యాయి. తర్వాత సిపెట్ చర్లపల్లికి కూడా వచ్చింది. బాలానగర్ సంస్థలో కొన్నాళ్లు శిక్షణ పొందే అదృష్టం నాకూ కలిగింది. అయినా నాకు అసలు పాఠం చెప్పింది ఒక ఫిట్టరు.

నేను చేసిన తప్పు

1984 అనుకుంటాను. ఒక కొలత పరికరానికి పాలీకార్బొనేట్ మూత గీయమన్నారు. నాలుగు మరమేకులు తీసేసి నాలుగు కొక్కేలు పెట్టాలి. నేను ఉత్సాహంగా గీసేశాను. నాలుక పొడవు 8 మిల్లీమీటర్లు, మందం 2 మిల్లీమీటర్లు, ముక్కు ఒకటిన్నర మిల్లీమీటరు. నాలుక గోడను కలిసే మూల స్కేలు పెట్టి గీసినట్టు నిక్కచ్చిగా ఉంది. కాగితం మీద ఎంతో అందంగా ఉంది.

అచ్చు తయారైంది. మూతలు రావడం మొదలైంది. బిగించే లైనులో ఇరవై మంది ఆడపిల్లలు ఉండేవారు, రోజు కూలి మీద. వారం తిరగకుండానే కొక్కేలు విరగడం మొదలైంది. కొన్ని బిగించేటప్పుడే విరిగాయి. కొన్ని బిగించినప్పుడు బాగానే ఉండి, తనిఖీకి మూత తీసి మళ్లీ పెట్టేటప్పుడు పోయాయి. రిపోర్టులో కారణం ఏమని రాశారంటే, "బిగించేవారి మోటుతనం" అని. విరిగిన మూతకు ఇంత అని వాళ్ల కూలిలో కోత పెట్టారు.

ఆ రిపోర్టు నా బల్ల మీదికి కూడా వచ్చింది. నేను సంతకం పెట్టాను. ఎక్కడో అనుమానం ఉంది. లెక్క చేసి చూస్తే తేలిపోతుందని తెలుసు. కానీ చేయలేదు. చేస్తే తప్పు ఎవరిదో తెలుస్తుందని భయం. అలా మూడు వారాలు గడిచాయి.

మా టూల్ రూములో ఒక పెద్ద ఫిట్టరు ఉండేవాడు. ఈ భద్రాచలం అడవి వైపు మనిషే. అందరం బాబాయ్ అనేవాళ్లం. ఒకరోజు మధ్యాహ్నం అన్నం తిన్న తర్వాత నన్ను పిలిచి కూర్చోబెట్టాడు. రెండు వెదురు బద్దలు తెచ్చాడు. ఒకదానికి చాకుతో అడ్డంగా చిన్న గాటు పెట్టాడు. రెండోదానికి అదే చోట, గాటు బదులు చాకుతో నున్నగా గుండ్రంగా చెక్కాడు.

"వంచు అబ్బాయ్" అన్నాడు. గాటు పెట్టింది కొంచెం వంగిందో లేదో, సరిగ్గా గాటు దగ్గరే విరిగింది. రెండోది విల్లులా వంగి మళ్లీ లేచింది.

"ఇప్పుడు చెప్పు. మోటుతనం ఎవరిది? వంచినోడిదా, గాటు పెట్టినోడిదా?"

నాకు నోట మాట రాలేదు.

మూడు సూత్రాలు

ఆ సాయంత్రం కూర్చుని లెక్క చేశాను. ఆ లెక్క మీకూ చెబుతాను, కష్టమైనదేమీ కాదు. నాలుక వంగినప్పుడు దాని మొదలు దగ్గర పైపొర సాగుతుంది. ఎంత సాగుతుందో తెలియాలంటే, మందాన్ని ముక్కు ఎత్తుతో హెచ్చించి, దానికి ఒకటిన్నర రెట్లు కట్టి, నాలుక పొడవు వర్గంతో భాగించాలి. నా కొక్కేనికి చూడండి. రెండును ఒకటిన్నరతో హెచ్చిస్తే మూడు. దానికి ఒకటిన్నర రెట్లు నాలుగున్నర. ఎనిమిది వర్గం అరవై నాలుగు. నాలుగున్నరను అరవై నాలుగుతో భాగిస్తే ఇంచుమించు 7 శాతం.

పాలీకార్బొనేట్ ఒక్కసారి బిగించి వదిలేసేదైతే సుమారు 4 శాతం వరకు ఓర్చుకుంటుంది. మాటిమాటికీ తీసి పెట్టేదైతే అందులో అరవై పాళ్లే తీసుకోవాలి, అంటే 2.4 శాతం. నేను అడిగింది 7. దానికి తోడు నిక్కచ్చి మూల. ఆ మూలే వెదురు మీద పెట్టిన గాటు. ఆ ఆడపిల్లలు పూలు ముట్టుకున్నంత సుతారంగా బిగించినా అవి విరగవలసిందే.

ఇందులోంచి వచ్చే మొదటి సూత్రం, నాలుక పొడవుగా ఉండాలి. పొడవు రెండింతలు చేస్తే నాలుక నాలుగింతలు వంగగలదు. అదే దూరం వంచడానికి కావలసిన బలం ఎనిమిదో వంతుకు పడిపోతుంది. మందం పెంచితే గట్టిపడుతుందని చాలామంది అనుకుంటారు. అది పొరపాటు. మందం పెరిగినకొద్దీ విరగడానికి దగ్గరవుతుంది. మొదట్లో మందంగా ఉండి కొనకు పోయేసరికి సగానికి సన్నబడే నాలుక, ఒకే మందం ఉన్నదానికన్నా అరవై శాతం ఎక్కువ వంగుతుంది. వెదురు బద్దను విల్లు కోసం కొనలవైపు సన్నగా చెక్కేది ఇందుకే.

రెండో సూత్రం, మొదలు దగ్గర మూల గుండ్రంగా ఉండాలి. ఆ గుండ్రం వ్యాసార్ధం నాలుక మందంలో సగం దాకా ఉంటే మంచిది. అంతకు మించి పెంచినా పెద్దగా లాభం లేదు. పైగా అక్కడ ప్లాస్టిక్కు ఎక్కువై, చల్లారేటప్పుడు గుంట పడుతుంది.

మూడో సూత్రం, బిగిసిన తర్వాత నాలుక నిటారుగా, విశ్రాంతిగా ఉండాలి. వంగినప్పటి శ్రమ ఆ ఒక్క క్షణమే ఉండాలి. కొందరు మూత కదలకుండా ఉండాలని నాలుకను వంగిన స్థితిలోనే ఉంచేస్తారు. ప్లాస్టిక్కుకు అలా ఎడతెగని బరువు పెడితే మెల్లమెల్లగా ఆ వంపుకే అలవాటు పడిపోతుంది. వేడికి ఇంకా త్వరగా. రోహిణి కార్తెలో మన కొత్తగూడెం, భద్రాచలం ఎండ సంగతి మీకు వేరే చెప్పాలా? కారులో వదిలేసిన కళ్లద్దాల పెట్టె మూత కొన్నాళ్లకు పట్టకపోవడానికి కారణం ఇదే.

మూత కొలతలు మార్చడానికి లేదు. మరి నాలుక పొడవు పెంచేదెలా? గోడకే రెండు వైపులా చీలికలు పెట్టి, గోడలోని ఆ ముక్కనే నాలుక చేశాం. పొడవు 12, మందం ఒకటిన్నర, ముక్కు 1.2 మిల్లీమీటర్లు. లెక్క వేస్తే 1.9 శాతం కూడా రాలేదు. ముక్కుకు ఎదురుగా చిన్న కిటికీ పెట్టాం. ఆ కిటికీ గుండా అచ్చులోని ఉక్కు నేరుగా వచ్చి ముక్కు కింది భాగాన్ని తయారుచేస్తుంది, అచ్చులో పక్కకు కదిలే ముక్క అక్కర్లేదు. మీ ఇంట్లో ప్లాస్టిక్ వస్తువులు తిరగేసి చూడండి. చాలావాటిలో కొక్కెం దగ్గర నలుచదరపు రంధ్రం కనిపిస్తుంది. అది అందం కోసం పెట్టింది కాదు.

ఆ తర్వాత మూతలు విరగలేదు. తప్పు నా డ్రాయింగుదని రాసి ఇచ్చాను. నాకు మెమో వచ్చింది, న్యాయమే. ఆడపిల్లల కూలిలో పెట్టిన కోత తిరిగి ఇచ్చారు. కానీ అప్పటికే ఒక అమ్మాయి, "నా చేతులు మోటువట, ఈ పని నాకు రాదు" అని మానేసి వెళ్లిపోయింది. కబురు పెట్టినా తిరిగి రాలేదు. ఇన్నేళ్లయినా ప్లాస్టిక్కు విరిగిన చప్పుడు వింటే నాకు ఆ అమ్మాయే గుర్తొస్తుంది.

విప్పేది ఎవరు?

ఇంతవరకు బిగించడం గురించి చెప్పాను. విప్పడం సంగతి చూద్దాం.

కొక్కెం వల్ల కర్మాగారానికి లాభం ఎంతో ఉంది. మరమేకు కొనక్కర్లేదు, తిప్పక్కర్లేదు. 1985లో ఐ.బి.ఎం. కంపెనీ "ప్రోప్రింటర్" అనే ముద్రణ యంత్రాన్ని తెచ్చింది. అందులో భాగాలు బాగా తగ్గించి, మరమేకులు లేకుండా ఒకదానిలో ఒకటి నొక్కితే పట్టేట్టు చేశారు. మరమనుషుల చేత బిగించాలని అలా గీస్తే, చివరికి మనుషులే చేతులతో ఇట్టే బిగించేయగలిగారు. ఆ కథ మా రంగంలో అందరికీ పాఠమైంది.

ఆ పాఠంలో సగమే చాలామంది నేర్చుకున్నారు. ముక్కు వెనకవైపు తొంభై డిగ్రీలు నిటారుగా పెడితే ఒకసారి పట్టాక మామూలుగా లాగితే రాదు. నలభై అయిదు డిగ్రీల ఏటవాలు పెడితే లాగినప్పుడు వస్తుంది. ముందువైపు ముప్పై డిగ్రీల లోపు వాలు ఉంటే నొక్కడం తేలిక. ఈ రెండు కోణాలు గీసేవాడి చేతిలోనే ఉన్నాయి. బిగించేవాడు కర్మాగారంలో ఎదురుగా ఉంటాడు, విప్పేవాడు ఎక్కడో ఇంట్లో ఉంటాడు. కనిపించని మనిషిని మరిచిపోవడం తేలిక.

2022 జూలైలో ఇది కళ్లారా చూశాను. 16వ తేదీన భద్రాచలం దగ్గర గోదావరి 71.3 అడుగులకు చేరింది. 1986 ఆగస్టు నాటి 75.6 అడుగుల తర్వాత అంత నీరు మనం చూడలేదు. నీళ్లు తీశాక మా వీధి వాళ్లు తడిసిన వస్తువులు తెచ్చి మా అరుగు మీద పెట్టారు. టార్చిలైట్లు, రేడియోలు, రిమోట్లు, గడియారాలు, మిక్సీలు. బురద కడిగి, లోపల ఆరబెడితే కొన్ని బతుకుతాయి. అందుకు ముందు మూత రావాలి. మూత మీద వేలు పెట్టే చోటు, బాణం గుర్తు, చిన్న గాడి ఉన్నవి నిమిషంలో విప్పాను. మరమేకులవి తుప్పు పట్టినా చాలావరకు వచ్చాయి. ఎక్కడ నొక్కాలో తెలియని దొంగ కొక్కేలవి మాత్రం విరగ్గొడితే తప్ప రాలేదు. కొన్ని బాగుపడవలసినవే చెత్తలోకి పోయాయి. వాటిని తెచ్చిన ఒక పెద్దావిడ, "నా చేతి చలవే ఇంత నాయనా, ఏది ముట్టుకున్నా విరుగుతుంది" అంది. ఆ అమ్మాయి మాటే మళ్లీ విన్నట్టయింది.

మంచి ఉదాహరణలూ ఉన్నాయి. వంటగ్యాసు సిలిండరు మీది తెల్ల ప్లాస్టిక్ మూత చూడండి. గట్టిగా పట్టుకుంటుంది. కానీ దానికి ఒక దారం కట్టి ఉంటుంది. ఆ దారం పట్టి పైకి లాగితే వచ్చేస్తుంది. సిలిండరుకే కట్టి ఉంటుంది కనుక మూత పోదు. గ్యాసు లీకైనప్పుడు తిరిగి పెట్టడానికి చేతికి అందుతుంది. అది గీసినవాడు విప్పే చేతిని తలుచుకున్నాడు.

మాత్రల డబ్బా

ఇప్పుడు మన వయసు వారి సంగతి. మన సభ్యులొకరి భార్యకు రక్తపోటు. కొడుకు ప్రేమగా వారానికి సరిపడా ఏడు గదుల మాత్రల డబ్బా పంపించాడు. ఆమెకు వేళ్ల కీళ్లనొప్పులు. ఆ మూతలు గోటితో ఎత్తాలి. మొదట్లో భర్తను పిలిచేది. ఆయన బజారుకు పోయిన రోజున "తర్వాత వేసుకుందాంలే" అనుకునేది. అలా వారంలో రెండు మూడు రోజులు మానేసింది. కళ్లు తిరిగి పడిపోతే గానీ సంగతి బయటపడలేదు. అడిగితే, "నా చేతుల్లో సత్తువ లేదు, ఊరికే మిమ్మల్ని పిలవడమెందుకని" అంది.

ఆ డబ్బా తెప్పించి చూశాను. ముక్కు వెనకవైపు నిట్టనిలువుగా ఉంది. గోళ్లు అరగదీసే ఆకురాయితో ఆ అంచును ఏటవాలుగా అయిదు నిమిషాలు రుద్దాను. ప్లాస్టిక్ పొడి లోపల పడకుండా కడిగి ఇచ్చాను. ఇప్పుడు బొటనవేలితో తీసుకుంటోంది. సత్తువ లేనిది ఆమె చేతుల్లో కాదు, ఆ గీతలో.

దీనికి ఇంకో వైపు కూడా ఉంది. మందుల మూత తేలికైతే పసిపిల్లలకూ తేలికే. 1967లో కెనడాలో హెన్రీ బ్రో అనే పిల్లల వైద్యుడి పూనికతో, అరచేతితో నొక్కి తిప్పితే గానీ రాని మూత వచ్చింది. 1970లో అమెరికా అటువంటి మూతల కోసం చట్టం చేసింది. అయితే అక్కడ మూత పెద్దవాళ్లకు వస్తుందో లేదో పరీక్షించేటప్పుడు 18 నుంచి 45 ఏళ్ల వాళ్లనే పిలిచేవారు. మూతలు రాక ముసలివాళ్లు వాటిని తెరిచే వదిలేసేవారు. దాంతో మనవలకు అపాయం మళ్లీ మొదటికొచ్చింది. చివరికి 1995లో నిబంధన మార్చి 50 నుంచి 70 ఏళ్ల వాళ్లచేత పరీక్ష చేయించాలన్నారు. ముసలి చేతికి వచ్చే మూతే పిల్లలకూ రక్ష అని అప్పటికి తెలిసింది.

బటన్ సెల్ సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. బొమ్మల్లో, చిన్న రిమోట్లలో నాణెంలా ఉండే ఆ సెల్లును పసివాడు మింగితే రెండు గంటల్లోనే అన్నవాహికను కాల్చేయగలదు. ఆ అనుమానం వస్తే క్షణం ఆగకుండా ఆసుపత్రికి తీసుకుపోవాలి. అందుకే 2022లో అమెరికాలో చేసిన చట్టం ప్రకారం అటువంటి మూత పనిముట్టుతో గానీ, ఒకేసారి చేసే రెండు వేర్వేరు కదలికలతో గానీ మాత్రమే రావాలి. మన దేశంలో 2021 జనవరి 1 నుంచి ఆటబొమ్మలకు ఐ.ఎస్.ఐ. గుర్తు తప్పనిసరి చేశారు. తిరునాళ్లలో మనవడికి బొమ్మ కొనేటప్పుడు ఆ గుర్తు చూడండి. సెల్లు మూత గోటికి ఊడివస్తే ఆ బొమ్మ వద్దు. ఇక్కడ మరమేకే ముద్దు.

ఇంట్లో పనికొచ్చే మాటలు

ఇంటికి వెళ్లాక అక్కరకొస్తాయని కొన్ని మాటలు.

కరెంటు వస్తువైతే ముందు ప్లగ్గు తీయండి. గోడ స్విచ్ పలక అయితే మెయిన్ ఆపండి, లేదా ఎలక్ట్రీషియన్‌ను పిలవండి.

మూతను లాగేముందు తిప్పి చూడండి. బాణం, గాడి, నలుచదరపు రంధ్రం ఉంటే కొక్కెం అక్కడే. స్టిక్కరు కింద మరమేకు దాగి ఉందేమో వేలితో తడిమి చూడండి.

స్క్రూడ్రైవరు దూర్చి ఎత్తకండి. పాతబడిన ఏ.టి.ఎం. కార్డు వంటి పల్చటి ప్లాస్టిక్కు బిళ్లను ఒక మూల నుంచి మెల్లగా దూర్చి జరపండి.

చలికాలపు తెల్లవారుజామున ప్లాస్టిక్కు పెళుసుగా ఉంటుంది. కాసేపు నీరెండలో పెట్టి తీయండి. నైలాన్ గాలిలోని తేమ పీల్చుకుంటే మెత్తబడి బాగా వంగుతుంది, ఎండిపోతే పెళుసెక్కుతుంది.

విరిగిన నాలుకను బంకతో అతికించకండి. వంగవలసిన చోట బంక వంగదు, మళ్లీ అక్కడే విరుగుతుంది. రిమోటుకైతే రబ్బరు బ్యాండు చాలు. మన ఇళ్లలో సగం రిమోట్లకు అదే ఉంది, సిగ్గుపడనక్కర్లేదు.

మీ మనవలెవరైనా పాలిటెక్నిక్కులోనో ఇంజనీరింగులోనో ఉంటే, వాళ్లు గీసిన వస్తువును ముందు మీ చేతికి ఇమ్మనండి. మీకు విప్పడం వస్తే ప్యాసు. ఐరోపా దేశాల్లో 2023లో చేసిన చట్టం ప్రకారం, వస్తువుల్లోని చిన్న బ్యాటరీలను కొన్నవాళ్లే తీసి మార్చుకునే వీలు ఉండాలి. 2027 ఫిబ్రవరి 18 నుంచి ఆ నియమానికి గడువు పెట్టారు. లోకం మళ్లీ విప్పే చేతి వైపు చూస్తోంది.

చివరిగా బాబాయ్ చెప్పిన ఇంకో మాట. వెదురు బద్దలు వంచిన రోజున ఆయనే నాకు చేపల బుట్ట సంగతి కూడా చెప్పాడు. "నోటి దగ్గర పుల్లలు మాత్రమే చూడకు అబ్బాయ్. బుట్ట వెనక తాడుతో కట్టిన ఇంకో నోరు ఉంటది. చేప బయటికి రాకూడదు. కానీ పట్టినోడి చెయ్యి లోపలికి పోవాలి. అది లేకపోతే చేప కోసం రోజూ బుట్ట కోసుకోవాలె."

మా కర్మాగారంలో పెద్ద చదువులు చదివిన మేము మరిచిన వెనక నోరు, ఈ అడవి అంచున బుట్ట అల్లే మనిషి మరవలేదు.

కాబట్టి మీకు నా మనవి ఒక్కటే. ఇకమీదట ఏ మూతైనా రాకపోతే, ఏ కొక్కెమైనా విరిగితే, "నా చెయ్యి మోటుది, నాకు వయసైపోయింది" అని అనుకోకండి. ఇంట్లో వాళ్లను అనకండి. ముందు కొక్కేన్ని తిరగేసి చూడండి. నాలుక పొట్టిగా ఉందా, మొదట్లో మూల గాటులా ఉందా, వెనక అంచు నిటారుగా ఉందా అని చూడండి. నూటికి తొంభై సార్లు తప్పు అక్కడే కనిపిస్తుంది. అది నాలాంటివాడు ఎవడో గీసిందే.

 రబ్బరు బ్యాండుతో ఉన్న రిమోట్లు, రాని మాత్రల డబ్బాలు ఏవైనా ఉంటే ఆదివారం ఉదయం మా ఇంటికి తీసుకురండి. ఆకురాయి సిద్ధంగా ఉంటుంది, టీ కూడా ఉంటుంది.

సెలవు.